దూడ లేని బొమ్మ

మూడో అంతస్తులో ఉండే వెర్నా మామ్మగారికి ఎదురుగా ఉన్నది కనపడదు, పక్కనున్నది కనపడుతుంది. ఆ సంగతి తెలియనివాళ్లు, ఇదేమిటి ఈ ముసలావిడ మనతో మాట్లాడుతూ గోడకేసి చూస్తోంది అనుకుంటారు. సెలిన్ కూడా మొదట అలాగే అనుకుంది. లిఫ్టులో ఆ తెల్లజుట్టు అమెరికా ఆవిడ తనని పలకరించి, తన చెవి పక్కనున్న బటన్ల వైపు చూస్తూ నవ్వితే తలొంచుకుని చెప్పులు చూసుకుంటూ నిలబడిపోయింది. పక్కనే ఉన్న వాళ్లమ్మ లీలాకుమారి నర్సు కనక చప్పున గ్రహించింది.

"కంటి నడిమి చూపు పోయిందే పాపం. కోడిలాగా తల పక్కకి తిప్పితేగానీ ఏదీ ఆనదు" అని ఇంట్లోకి వచ్చాక చెప్పింది.

బౌషర్‌లో వాళ్లుండే బిల్డింగు నాలుగంతస్తులది. లీలాకుమారి పనిచేసే ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు. నాన్న ఇమ్మానియేలుది రుసైల్‌లో ఒక గోడౌన్‌లో ఉద్యోగం, తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కేస్తాడు. సెలిన్ పదో తరగతి దాకా ఆకివీడు అవతల ఒక పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంది. ఆరు నెలల క్రితమే ఈ అరబ్బు దేశానికి, అమ్మానాన్నల దగ్గరికి వచ్చింది. స్కూల్లో సీటు వచ్చే ఏడాదికిగానీ లేదన్నారు. పదహారేళ్ల పిల్ల, మాట్లాడే మనిషి లేక, పొద్దస్తమానం కిటికీలోంచి దూరాన కనిపించే ఇసక దిబ్బల్ని చూస్తూ కూర్చునేది.

లీలాకుమారి డ్యూటీ నుంచి వస్తూ అప్పుడప్పుడు వెర్నా గారికి బీపీ చూసి వచ్చేది. ఇరుగుపొరుగు మర్యాద అది. ఒకరోజు అలా వెళ్లి వచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే చెప్పింది.

"ఆవిడ బొమ్మలేస్తదంట. రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటి దాకా పక్కన ఎవరైనా కూర్చుని ఏ రంగు ఎక్కడ పడిందో చెప్పాలంట. నిన్ను పంపుతానని చెప్పేశాను."

"నేనా! నాకు ఇంగ్లీషు రాదుగా."

"వెళ్తే వస్తది. ఇక్కడ కూర్చుని ఆ ఏసీ లోంచి పడే చుక్కలు చూసేకంటే నయం కదా?"

"నాకు భయం అమ్మా."

"ఆవిడేమన్నా కరుస్తదా? ఉన్న పళ్లే సగం కట్టుడువి."

అలా మొదలైంది. రెండో రోజే వెర్నా గారు, నన్ను పేరు పెట్టి పిలువు అని చెప్పారు. ఎనభై ఒక్కేళ్ల మనిషిని పేరు పెట్టి పిలవడానికి సెలిన్‌కి నోరు రాలేదు. మేడమ్ అంటే ఆవిడకి ఇష్టం లేదు. చివరికి మామ్మగారూ అంది. అదేమిటని అడిగి అర్థం తెలుసుకుని, నాలుగుసార్లు పలికి చూసుకుని, సరే అదే ఉండనివ్వు అన్నారావిడ.

మామ్మగారిది నెబ్రాస్కా. ఎటు వెళ్లినా సముద్రం కనపడని, అమెరికా నడిబొడ్డున ఉన్న మొక్కజొన్న దేశం. అరవై ఏళ్లుగా ఆవిడ వేసినవన్నీ ఆ పొలాల బొమ్మలే. ఎర్ర రంగు వేసిన పశువుల కొట్టాలు, గాలికి తిరిగి నీళ్లు తోడే చక్రాలు, కోతల రోజుల్లో చెట్టు నీడన కూర్చుని భోంచేసే మనుషులు, దండెం మీద దుప్పట్లు ఆరేసే ఆడవాళ్లు. ఆ చుట్టుపక్కల జిల్లాల్లో ఆవిడ బొమ్మ ఉన్న కేలండరు లేని వంటిల్లు ఉండదట. భర్త పోయాక, చూపు తగ్గాక, ఇక్కడ యూనివర్సిటీలో రాళ్ల గురించి పాఠాలు చెప్పే కొడుకు కార్ల్ తనతో తీసుకొచ్చుకున్నాడు.

"పెద్ద పట్నాల వాళ్లకి నేనెవరో తెలియదు" అని ఆవిడ ఒకసారి నవ్వుతూ చెప్పారు. "కానీ మొక్కజొన్న ఆకు ఒక్కటి తప్పుగా వేశానా, మా ఊరి పోస్టాఫీసు దగ్గర నన్ను నిలబెట్టి మరీ అడుగుతారు."

ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా ఉండేది. అందుకని సెలిన్‌కి చాలావరకు అర్థమయ్యేది. జవాబు మాత్రం రెండు మూడు ముక్కల్లోనే వచ్చేది.

రంగు గొట్టాలకి రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉండేవి. తెలుపుకి ఒకటి, పసుపుకి రెండు, ఎరుపుకి మూడు. మామ్మగారు వేళ్లతో తడిమి గొట్టం తీసుకునేవారు. కుంచె ఎప్పుడూ తప్పేది కాదు, అరవై ఏళ్ల అలవాటు చేతికి ఉంది కదా. తేలనిది ఒక్కటే, వేసింది ఎలా పడిందో. అది సెలిన్ చెప్పాలి.

మొదటి రోజు, "బొమ్మలో కిటికీ అవతల మంచు ఎలా ఉంది?" అని అడిగారు.

"బాగుందండీ."

"బాగుందో లేదో నేను అడగలేదు. ఏముందో చెప్పు."

సెలిన్ బిక్కచచ్చిపోయింది. పెద్దవాళ్లు చేసిన పనిని ఇలా ఉంది అలా ఉంది అని ఎంచడం అమ్మమ్మ ఇంట్లో లేదు. చివరికి, "పైన నీలం... కింద గులాబీ" అంది.

"గులాబీయా! గొట్టం మారిపోయింది. చూశావా, ఇందుకే నువ్వు కావాలి" అన్నారావిడ. సెలిన్‌కి ఆ రోజంతా కడుపు నిండినట్టుంది.

ఆ బొమ్మ మామ్మగారి ఆఖరి బొమ్మ. ఆవిడే అలా అనుకున్నారు. వాళ్ల ఊరి లైబ్రరీలో, పిల్లలు కూర్చుని చదువుకునే గదిలో దాన్ని పెడతారట. ఆదివారం నాడు పార్సిలు వాళ్లు వచ్చి తీసుకువెళ్తారు. ఈలోగా పూర్తి కావాలి, చెక్కపెట్టె తయారవ్వాలి.

బొమ్మలో చలికాలం తెల్లవారుజాము. కొట్టం లోపల మేకుకి లాంతరు వేలాడుతోంది. మూడు కాళ్ల పీట మీద కూర్చుని, ఆవు డొక్కకి నుదురు ఆనించి, మోకాళ్ల మధ్య బకెట్టు పెట్టుకుని ఒకామె పాలు పితుకుతోంది. ఆమె మామ్మగారి తల్లి. వెనకాల నిలువు చెక్కల గోడ. ఆవుది ఎరుపూ తెలుపూ కలిసిన ఒళ్లు. ముందు కాళ్ల దగ్గర మాత్రం ఏమీ లేదు. ఉత్త గడ్డి రంగు పూత.

ఆ ఖాళీ సెలిన్‌ని పట్టుకుంది. ఎటు చూసినా చూపు అక్కడికే పోయేది.

అమ్మమ్మ ఇంట్లో రాణి అని ఆవు ఉండేది. పదేళ్లప్పటి నుంచీ సెలిన్ దాని పాలు పితికింది. ముందు దూడని వదలాలి. అది పరిగెత్తుకొచ్చి పొదుగులో మూతి పెట్టి నాలుగు కుమ్ములు కుమ్మితే అప్పుడు ఆవు చేపుతుంది, అంటే బిగబట్టిన పాలు పొదుగులోకి వదులుతుంది. రొమ్ములు నిండుగా దిగుతాయి. అప్పుడు దూడని లాగి, తల్లి ముందుకాలి దగ్గర కట్టెయ్యాలి. తల్లి దాన్ని నాకుతూ ఉంటుంది, మనం పితుక్కోవాలి. దూడ కనపడకపోతే రాణి తన్నేది. ఒక ఏడు దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టాడు తాతయ్య. దూడ లేకుండా ఆవు పాలివ్వడమన్నది సెలిన్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

పాపం, మామ్మగారికి దూడ వెయ్యాలని ఉండి ఉంటుంది, కనపడక వదిలేశారు అనుకుంది. అనుకున్నది పైకి అనలేకపోయింది.

బుధవారం మామ్మగారికి తలనొప్పిగా ఉంది. "కాసేపు పడుకుంటాను. కింద గడ్డి పలచగా ఉందన్నావు కదా, ఆ గోధుమ రంగుతో నువ్వే నింపేసెయ్యి" అని చెప్పి లోపలికి వెళ్లారు. తన బొమ్మ మీద ఇంకొకరిని కుంచె పెట్టనివ్వడం అదే మొదలు.

సెలిన్ బొమ్మలు వెయ్యగలదు. వాళ్ల హైస్కూల్లో సైన్సు రికార్డుల్లో కప్పలూ గుండెకాయలూ క్లాసు మొత్తానికి తనే వేసి పెట్టేది. గడ్డి నింపుతూ నింపుతూ ఆవు ముందుకాలి దగ్గరికి వచ్చింది. చెయ్యి ఆగింది. తర్వాత ఆగలేదు. అరగంటలో అక్కడ ఒక దూడ నిలబడింది. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్ల మచ్చ, సన్నకాళ్లు, పాల నురగ అంటిన మూతి. అవి తొందరగా ఆరిపోయే రంగులు. మామ్మగారు లేచి వచ్చేసరికి ఆరిపోయింది.

"అయిందా?"

"అయిందండీ."

మామ్మగారు తల పక్కకి తిప్పి చూశారు. ఆవిడకి కనపడింది ఒక ఎర్రటి వెచ్చటి మసక అంతే. "కింద భాగానికి బరువొచ్చింది, మంచిపని" అన్నారు. సెలిన్ మెట్లు రెండేసి చొప్పున దిగి ఇంటికి వెళ్లింది. ఒక మంచి పని, అడక్కుండానే, చెప్పకుండానే చేసేశానని లోలోపల పొంగిపోయింది.

గురువారం మామ్మగారు సంతోషంగా ఉన్నారు. "ఆ కింది సొరుగులో నా పాత కేలండర్లున్నాయి, చూడు. నీకు నచ్చింది ఒకటి తీసుకో" అన్నారు.

నలభై ఏళ్ల కేలండర్లు. సెలిన్ నేలమీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పింది. కోతలు, నూర్పిళ్లు, మంచులో బడికి పోయే పిల్లలు. పాలు పితికే బొమ్మ ఒకటి వచ్చింది. దానిలో దూడ లేదు. ఇంకొకటి వచ్చింది. లేదు. సెలిన్ ఇక వేరే బొమ్మలు చూడలేదు. పాలు పితికేవే వెతికింది. మొత్తం తొమ్మిది. ఒకదానిలో ఆడమనిషి, ఇంకొకదానిలో మీసాలాయన, ఆవు ఒకచోట ఎడమకి, ఒకచోట కుడికి. తొమ్మిదింట్లోనూ ముందుకాలి దగ్గర ఉత్త గడ్డి. దూడలు వేరేచోట ఉన్నాయి, పచ్చికలో ఆడుతున్నవి, సంతలో మెడకి రిబ్బను కట్టినవి. ఆ బొమ్మలన్నీ వేసేనాటికి మామ్మగారికి కళ్లు బాగానే ఉన్నాయి.

ఒక బొమ్మలో మర్చిపోతారు. తొమ్మిదింట్లో మర్చిపోరు.

అప్పుడు అర్థమైంది సెలిన్‌కి. అక్కడ దూడని వదలరు. అక్కడి పద్ధతే వేరు. తను వేసింది ఎక్కడా లేని కొట్టం. అది ఆవిడ ఊరికి వెళ్తుంది, ఆవిడ పేరుతో గోడకెక్కుతుంది. పోస్టాఫీసు దగ్గర నిలబెట్టి అడగడానికి ఆవిడ అక్కడ ఉండరు కూడా. ముసలితనంలో మతి తప్పింది అనుకుంటారు.

"ఏం చూస్తున్నావు అంతసేపు?" అని మామ్మగారు అడిగారు.

"ఆవులండీ."

"శనివారం పొద్దున రా. సంతకం పెట్టేస్తాను. ఆ రోజే పెట్టెలో పెట్టించెయ్యాలి."

సెలిన్ కేలండరు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఇక్కడ సెలవు శుక్రవారమే కనక చర్చి ఆరాధనా ఆ రోజే. ఘలాలో ఆరాధన అయ్యి ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. లీలాకుమారి కోడికూర వేడి చేసింది. సెలిన్ అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏంటే, పొద్దున్నుంచీ చూస్తున్నాను. పాటలప్పుడు కూడా నోరు మెదపలేదు. జ్వరమా?" అని లీలాకుమారి నుదుటి మీద చెయ్యి వేసింది.

సెలిన్ మొత్తం చెప్పేసింది. చెబుతుంటే కన్నీళ్లు కారి కూరలో పడ్డాయి. ఇమ్మానియేలు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, అంతా విని, గట్టిగా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! దూడని పెట్టింది లీలా, దొంగతనం చెయ్యలేదు. నేనింకా రంగు డబ్బా ఒలకబోసిందేమో అనుకున్నాను."

"నవ్వులాటగా ఉందా మీకు?"

"మరేంటి? దూడ ఉంటే బొమ్మ ఇంకా కళగా ఉంటది కదా. ఆవిడకా కనపడదు, కొడుక్కి రాళ్లు తప్ప ఏమీ కనపడవు. ఆ ఊరోళ్లు ఇక్కడికొచ్చి అడుగుతారా? ఊరుకో తల్లీ, తిను."

"మీరుండండి. కనపడితే ఆవిడే చూసుకునేది. కనపడదు గనకే చెప్పాలి" అంది లీలాకుమారి. తర్వాత కూతురి వైపు తిరిగింది. "మా వార్డులో ఒకరి మందు ఇంకొకరికి పడిందనుకో. పేషెంటు నిద్రపోతున్నాడు, తెలీదు కదా అని ఊరుకుంటామా? అప్పుడే చెప్పెయ్యాలి. తిడతారు. తిట్టించుకోవాలి."

"నాకు ఇంగ్లీషులో చెప్పడం రాదమ్మా."

"తెలుగులో అయితే చెప్పేసేదానివా?"

సెలిన్ కంచంలో వేలితో గీతలు గీసింది.

"నేను రానా నీతో?"

"వద్దు" అంది సెలిన్.

శనివారం పదింటికి సెలిన్ మూడో అంతస్తుకి వెళ్లేసరికి బిల్డింగు వాచ్‌మన్ ఫుర్ఖాన్ పెట్టె చెక్కలు మోసుకుని అప్పుడే లోపలికి వస్తున్నాడు. బీహారు వైపు మనిషి, హిందీ తప్ప మాట్లాడడు. స్కూల్లో చదివిన హిందీ వల్ల సెలిన్‌కి అతని మాటలు అర్థమవుతాయి. కార్ల్ యూనివర్సిటీ పిల్లల్ని తీసుకుని కొండల్లోకి వెళ్లాడు, సాయంత్రానికిగానీ రాడు. మామ్మగారు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, సన్నకుంచె ముంచి పట్టుకుని బొమ్మ ముందు కూర్చుని ఉన్నారు.

"వచ్చావా! నీకోసమే ఆగాను. మా నాన్న పేరూ మా ఆయన పేరూ రెండూ కలిపి పెడతాను సంతకం. ఆఖరిది కదా."

మెట్లెక్కుతూ కూడబలుక్కున్న నాలుగు ఇంగ్లీషు వాక్యాలూ సెలిన్ గొంతులోనే ఉన్నాయి. మొదటిది బయటికి రావాలి. రాలేదు. కుంచె కాన్వాసు అంచు దాకా వెళ్లింది.

ఫుర్ఖాన్ చెక్కలు గోడకి ఆనించి, చేతులు దులుపుకుని, బొమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. అతని మొహం వెలిగిపోయింది.

"అరే వాహ్! బఛ్డా తో బిల్కుల్ అస్లీ హై! హమారే ఘర్ కే జైసా!"

మామ్మగారి చెయ్యి ఆగింది. హిందీ ముక్క తెలియకపోయినా ఆ గొంతులోని సంతోషం ఆవిడకి అందింది. నవ్వుతూ తల పక్కకి తిప్పారు.

"ఏమంటున్నాడు?"

బొమ్మ బాగుందంటున్నాడు అని చెబితే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. సెలిన్ ఫుర్ఖాన్ వైపు చూసింది, కుంచె చివర వణుకుతున్న నల్లచుక్క వైపు చూసింది.

"దూడ... నిజం దూడలా ఉంది అంటున్నాడు."

"ఏ దూడ?"

"ఆవు దగ్గర దూడ. నేను వేశాను. బుధవారం. మీరు వెయ్యలేదు. నేను వేశాను."

మామ్మగారు కుంచెని నీళ్ల గ్లాసులో పెట్టారు. చాలాసేపు పెట్టే ఉంచారు.

"ఎక్కడ?"

సెలిన్ చెప్పింది. ఆవిడ వేళ్లు కాన్వాసు మీద మెల్లగా నడిచి, రంగు కాస్త ఎత్తుగా ఉన్నచోట ఆగి, చెవులు, వీపు, కాళ్లు తడిమాయి.

"నా కళ్లుగా ఉండమన్నాను. నా చెయ్యిగా ఉండమని అనలేదు" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది సెలిన్‌కి. "ఇంకో నిమిషంలో దీని కింద నా పేరు పెట్టేదాన్ని. తెలుసా నీకు?"

"తెలుసండీ. తప్పు. నాదే తప్పు."

ఫుర్ఖాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "క్యా హువా బిటియా? మైనే తో తారీఫ్ కీ థీ" అన్నాడు, పొగడడమే తప్పయిపోయిందన్నట్టు.

"ఆప్ కీ గల్తీ నహీ, చాచా" అంది సెలిన్ కన్నీళ్లు తుడుచుకుంటూ, ఇందులో అతని తప్పేమీ లేదని. ఈ ఆరు నెలల్లో అతనితో ఆమె మాట్లాడిన మొదటి వాక్యం అదే. అతను ఇబ్బందిగా నవ్వి, చెక్కల పక్కన కూలబడ్డాడు.

"ఎందుకు వేశావు?" మామ్మగారు అడిగారు.

"దూడ లేకపోతే... పాలు రావండీ."

"ఏమిటీ?"

సెలిన్ చెప్పడానికి ప్రయత్నించింది. మాటలు చాలక చేతులతో చూపించింది. ఆవిడకి చేతులు కనపడవని గుర్తొచ్చి మళ్లీ మాటలు వెతుక్కుంది. ముందు దూడ, నాలుగు కుమ్ములు, అప్పుడు తల్లి వదులుతుంది. కట్టేస్తాం. నాకుతుంది. పితుకుతాం. చివరికి ఇంత పాలు దూడకి ఉంచుతాం. చచ్చిపోయిన దూడ తోలు గురించి కూడా చెప్పింది. మామ్మగారి మొహంలో కోపం ఉండాల్సిన చోట ఏదో వేరేది వచ్చింది.

"మీకు కనపడక వెయ్యలేదనుకున్నాను" అంది సెలిన్. "కేలండర్లు చూశాక తెలిసింది."

"మా దగ్గర మూడో రోజే విడదీసేస్తారు" అన్నారు మామ్మగారు. "దూడకి వేరే బకెట్టులో పాలు పోసి, వేలు నోట్లో పెట్టి తాగడం నేర్పిస్తాం. ఆ పని నాదే, ఆరేళ్లప్పటి నుంచి. తల్లికి పాల బకెట్టు చప్పుడు అలవాటైపోతుంది. ఆ చప్పుడు వింటే చాలు, వదిలేస్తుంది."

"తల్లి ఊరుకుంటుందా?"

మామ్మగారు తల అడ్డంగా ఊపారు.

"ఊరుకోదు. మూడు రోజులు అరుస్తుంది. గొంతు బొంగురుపోయేదాకా. మా అమ్మ రేడియో పెద్దగా పెట్టేది." ఆవిడ వేళ్లు బొమ్మలో ఆవు దాటి, లాంతరు దాటి, వెనకనున్న చెక్కల గోడ మీదకి వెళ్లాయి. "దూడలు ఎక్కడో ఉండేవి కాదు. ఇదిగో, ఇక్కడే. ఈ గోడ అవతల. తల్లికి వాసన తెలిసేంత దూరంలో. అరవై ఏళ్లలో ఈ గోడని ఎన్నిసార్లు వేశానో. ఒక్కో చెక్కా, ఒక్కో మేకూ సరిగ్గా వేశాను. పోస్టాఫీసు దగ్గర ఎవరూ నన్నేమీ అనలేదు."

ఫుర్ఖాన్ లేచి, పెట్టె ఎప్పుడు బిగించాలని అడిగాడు. సెలిన్ అడిగి చెప్పింది. ఈరోజు కాదట. పార్సిలు వాళ్లకి కార్ల్ ఫోన్ చేసి వచ్చేవారం రమ్మంటాడట. అతను తలూపి, వెళుతూ వెళుతూ దూడని ఇంకోసారి చూసుకుని వెళ్లాడు.

"నీ దూడని తీసెయ్యాలి" అన్నారు మామ్మగారు. "మంచిదే అయ్యుంటుంది. అతని గొంతులోనే తెలిసింది. కానీ మా కొట్టంలో అది అక్కడ లేదు."

"తీసేస్తానండీ."

"ఈ రంగు గీకితే పోదు. మీద గడ్డి వెయ్యి."

సెలిన్ గోధుమ రంగు కలిపి, ఒక్కో పరకా వేసుకుంటూ వచ్చింది. ముందు కాళ్లు పోయాయి. తర్వాత పొట్ట, వీపు. నుదుటి మీద తెల్లమచ్చ ఒక పూతకి లొంగలేదు, రెండోసారి వెయ్యాల్సి వచ్చింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. అన్నీ వేశాక, "అయిందండీ, ఏమీ కనపడట్లేదు. వెలుగు పక్కనుంచి పడితే మాత్రం వీపు ఎత్తు కొంచెం తెలుస్తోంది" అంది.

"ఎంత తెలుస్తోంది?"

"తెలిసినవాళ్లకి తెలుస్తుంది."

"ఉండనివ్వు" అన్నారు మామ్మగారు. తర్వాత ముదురు రంగు గొట్టం వెతికి తీసుకున్నారు. "ఇప్పుడు గోడ. లాంతరుకి ఎడమ పక్క, కింది నుంచి రెండడుగుల ఎత్తులో ఒక చెక్క విరిగి ఉండేది. నిజంగానే ఉండేది. నేనే ప్రతిసారీ బాగుచేసి వేశాను. ఎక్కడ వెయ్యాలో నీ వేలు పెట్టు."

సెలిన్ వేలు పెట్టింది. కుంచె ఆ వేలి పక్కకి వచ్చి నిలబడి, చీకటిని ఒక సందంత వేసింది. ఆ చీకట్లో ఒక బూడిదరంగు మూతి, రెండు ముక్కు రంధ్రాల తడి. అంతకు మించి ఏమీ వెయ్యలేదు ఆవిడ. కొంచెం రంగు సెలిన్ గోరు మీద పడింది.

"ఏముంది?"

"దూడ మూతి. చెక్కల మధ్యలోంచి వాసన చూస్తోంది." సెలిన్ ఆవుని చూసింది. ఆవు తలొంచుకుని ముందుకి చూస్తోంది, చెవులు రెండూ ముందుకే ఉన్నాయి. ఏదో కుదరలేదు. ఈసారి అడిగేదాకా ఆగలేదు. "మామ్మగారూ, ఆవు చెవి తప్పండీ. వెనక దూడ ఉంటే ఆవు అలా ఉండదు. తల తిప్పకపోయినా ఒక చెవి వెనక్కి పెట్టేస్తుంది."

మామ్మగారు కళ్లు మూసుకున్నారు. ఎక్కడో కొట్టంలో నిలబడి చూసుకుంటున్నట్టు కాసేపు అలాగే ఉన్నారు.

"నిజమే, వెనక్కే ఉండేది" అన్నారు మెల్లగా. "ఏ చెవి?"

"గోడ వైపుది."

ఆవిడ ఎరుపు, తెలుపు కలిపారు. సెలిన్ వేలి కొసని పాత చెవి మొదట్లో ఆనించింది. కుంచె వచ్చి వేలికి తగిలి ఆగింది.

"ఇక్కడికా?"

"కాదండీ" అంది సెలిన్. "ఇంకొంచెం వెనక్కి."